వ్యాధి పేరులో లోపించిన మాట

విద్యార్థులారా! సమాసాల పాఠంలో ‘రాజకుమారుడు’ అనే మాటకు విగ్రహవాక్యం అడిగితే ‘రాజు యొక్క కుమారుడు’ అని వెంటనే చెప్తారు. షష్ఠీ తత్పురుష. అదే పద్ధతిలో ‘పార్కిన్సన్ వ్యాధి’కి విగ్రహవాక్యం రాయమంటే ఏం రాస్తారు? ‘పార్కిన్సన్ యొక్క వ్యాధి’ అనే కదా!

ఇప్పుడు ఆ వాక్యాన్ని మళ్ళీ చదవండి. పార్కిన్సన్‌కు ఆ జబ్బు వచ్చిందా? లేదు. ఆ జబ్బు ఆయన సొత్తా? అదీ కాదు. మరి ‘యొక్క’ ఇక్కడ ఎలా కుదురుతుంది?

‘శాకపార్థివుడు’ అని ఒక పాత ఉదాహరణ ఉంది. దానికి కూర యొక్క రాజు అని అర్థం కాదు. కూర అంటే ఇష్టపడే రాజు అని అర్థం. ‘ఇష్టపడే’ అనే మాట సమాసంలో మధ్య నుంచి జారిపోయింది. దీన్నే మధ్యమపదలోపి సమాసం అంటారు. పార్కిన్సన్ వ్యాధి కూడా అలాంటిదే. ‘పార్కిన్సన్ వర్ణించిన వ్యాధి’ అంటేనే అర్థం సరిపోతుంది.

వైద్యుల పేర్లతో పిలిచే వ్యాధులు, వ్యాధి చిహ్నాలు వందల్లో ఉన్నాయి. వాటన్నిటిలోనూ మధ్యలో ఏదో ఒక మాట లోపించి ఉంటుంది. దాన్ని వెదికితే ఆ పేరులో వైద్యుడితో పాటు రోగి కనిపిస్తాడు, సహాయకుడు కనిపిస్తాడు, పేరు దక్కని వాళ్ళు కనిపిస్తారు. ఆ వెదుకులాటే ఈ పాఠం.

1. మన పెద్దలు పెట్టిన పేర్లు

ముందు మన భాష వైపు చూద్దాం. తెలుగులో జబ్బుల పేర్లు చాలావరకు కంటికి కనిపించిన దాన్ని బట్టి పుట్టాయి. కాలు బోదలా ఉబ్బితే బోదకాలు. కళ్ళూ ఒళ్ళూ పచ్చబడితే పచ్చకామెర్లు. రేయి కాగానే చూపు తగ్గితే రేచీకటి. ఒళ్ళు విల్లులా వంగిపోతే ధనుర్వాతం. దవడ కింద బిళ్ళల్లా వాస్తే గవదబిళ్ళలు. కాలూ చెయ్యీ ఒక పక్క పడిపోతే పక్షవాతం.

కొన్ని పేర్లు భయం నుంచీ భక్తి నుంచీ వచ్చాయి. మశూచి వస్తే ‘అమ్మవారు పోసింది’ అన్నారు. పొక్కులు పోసే మరో జబ్బును ఆటలమ్మ అన్నారు. బిలాస్‌పూర్‌లో మన పక్కింటి హిందీ వాళ్ళు దాన్నే ‘ఛోటీ మాతా’ అంటారు. పచ్చకామెర్లను వాళ్ళు ‘పీలియా’ అంటారు. అందులోనూ పసుపు రంగే ఉంది. భాషలు వేరైనా చూసిన కన్ను ఒకటే.

ఈ పేర్లలో ఎక్కడా వైద్యుడి పేరు లేదు గమనించారా? మన ఊళ్ళలో గొప్ప వైద్యులు లేక కాదు. జబ్బును మొదట ఎవరు వర్ణించారన్నది మనవాళ్ళు పేరులో పెట్టలేదు, అంతే. మనిషి పేరు పెట్టే అలవాటు ఐరోపా వైద్యంలో 19వ శతాబ్దంలో బలపడింది. ఆసుపత్రులు పెరిగి, వైద్య పత్రికలు పెరిగి, ఒకరు రాసింది మరొకరు చదివి ‘ఫలానా ఆయన చెప్పిన జబ్బు’ అనడం మొదలైంది. క్రమంగా ‘చెప్పిన’ పోయింది, పేరు మిగిలింది.

2. చూసినవారు, పేరు పెట్టినవారు

జేమ్స్ పార్కిన్సన్ లండన్‌లో వైద్యుడు. 1817లో ‘వణికే వాతం’ గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో ఆరుగురి గురించి ఉంది. వాళ్ళలో కొందరిని ఆయన వీధిలో చూసి పలకరించారు, ఒకరినైతే దూరం నుంచి చూశారు, అంతే. చేతి వణుకు, ముందుకు వంగిన నడక, అడుగు పడబోయి పరుగైపోవడం, ఇవన్నీ ఆయన చూపుకు దొరికాయి. మన ఆయుర్వేదం కూడా ఇలాంటి జబ్బును వణుకును బట్టే కంపవాతం అంది.

అయితే తన పేరు పెట్టుకున్నది పార్కిన్సన్ కాదు. కొన్ని దశాబ్దాల తర్వాత పారిస్ వైద్యుడు షార్కో ఆ జబ్బును పార్కిన్సన్ పేరుతో పిలవాలన్నారు. అంటే చూసినవారు ఒకరు, పేరు పెట్టినవారు మరొకరు.

ఆల్జైమర్ వ్యాధి కథా అంతే. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి 1901లో ఆగస్టె డేటర్ అనే స్త్రీని తీసుకొచ్చారు. ఆమెకు జ్ఞాపకం చెదిరిపోతోంది, సొంత పేరు రాయబోయి మధ్యలో ఆగిపోయేది. ఆలోయిస్ ఆల్జైమర్ ఆమెతో మాట్లాడిన మాటలన్నీ రాసిపెట్టుకున్నారు. 1906లో ఆమె చనిపోయాక మెదడును పరీక్షించి, అదే సంవత్సరం ఒక సభలో వివరించారు. 1910లో ఆయన పైఅధికారి క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఆ జబ్బుకు ఆల్జైమర్ పేరు పెట్టారు. విగ్రహవాక్యం పూర్తిగా రాస్తే ఇలా ఉంటుంది: ‘ఆగస్టె డేటర్ అనుభవించగా, ఆల్జైమర్ వర్ణించగా, క్రేపెలిన్ పేరు పెట్టిన వ్యాధి.’ సమాసంలో మిగిలింది మధ్య పేరు ఒక్కటే.

3. ప్రాణం కాపాడే చిన్న గుర్తులు

జబ్బులకే కాదు, వైద్యుడు వెదికే చిహ్నాలకు కూడా పేర్లు ఉన్నాయి. మూడు చూద్దాం.

కోప్లిక్ మచ్చలు: న్యూయార్క్ పిల్లల వైద్యుడు హెన్రీ కోప్లిక్ 1896లో వీటిని వివరించారు. తట్టు జబ్బులో ఒంటి మీద ఎర్రటి దద్దురు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే, బుగ్గల లోపలి వైపు, దంతాలకు ఎదురుగా, ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలను గుర్తుపడితే ఆ బిడ్డను మిగతా పిల్లల నుంచి ముందే వేరుగా ఉంచవచ్చు.

మెక్‌బర్నీ బిందువు: కుడి తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డు దాకా ఒక గీత ఊహించుకోండి. మొన వైపు నుంచి మూడో వంతు దగ్గర ఉండే చోటు ఇది. అక్కడ నొక్కితే తీవ్రంగా నొప్పి పుడితే అపెండిక్స్ వాచి ఉండవచ్చని వైద్యుడు అనుమానిస్తాడు. చార్లెస్ మెక్‌బర్నీ 1889లో దీన్ని చెప్పారు. కడుపునొప్పి అనగానే వాము నీళ్ళు తాగించి ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్ళమనడానికి ఇది ఒక కారణం.

బాబిన్స్‌కీ చిహ్నం: అరికాలిని మడమ నుంచి పైకి గీస్తే పెద్దవాళ్ళకు వేళ్ళు కిందికి ముడుచుకుంటాయి. బొటనవేలు పైకి లేస్తే మెదడులోనో వెన్నుపాములోనో దెబ్బ ఉందని అర్థం. నెలల పిల్లలకు మాత్రం అలా లేవడం మామూలే. జోసెఫ్ బాబిన్స్‌కీ 1896లో పారిస్‌లో దీన్ని ప్రకటించారు. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు, ఒక తాళంచెవి చాలు.

ఈ మూడింటిలోనూ పేరు ఒక సంక్షిప్త లిపిలా పనిచేస్తుంది. ‘బాబిన్స్‌కీ ఉంది’ అని ఒక వైద్యుడు ఫోనులో చెప్తే, మరో ఊరి వైద్యుడికి ఒక పేరా అంత విషయం తెలిసిపోతుంది. మనుషుల పేర్లు ఇంతకాలం నిలవడానికి ముఖ్య కారణం ఈ సౌకర్యమే.

4. మన నేల మీద: సికింద్రాబాద్, మద్రాసు

ఇక మన వైపు వద్దాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శిని కింద చూశారు. మలేరియా క్రిమి ఆ దోమ కడుపు గోడలో పెరుగుతూ కనిపించింది. ఈ పనికే ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతారు.

ఆ దోమ కడుపులోకి మలేరియా క్రిమి ఎలా వచ్చింది? హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగడం వల్ల వచ్చింది. తన ఒంటి మీద దోమలను కుట్టనిచ్చినందుకు ఆయనకు దోమకు ఒక అణా చొప్పున రాస్ ఇచ్చారు. నోబెల్ ఒకరికి, అణాలు ఒకరికి! రాస్ తన రాతల్లో ఆయన పేరు రాసిపెట్టారు కాబట్టి మనకు కనీసం ఆ పేరైనా తెలిసింది.

ఇంత జరిగినా ఆ జబ్బు ‘రాస్ వ్యాధి’ కాలేదు. మలేరియా అంటే ఇటలీ భాషలో చెడు గాలి. చెడు గాలి వల్ల వస్తుందని అనుకున్న రోజుల పేరు అది. కారణం గాలి కాదు, దోమ అని తేలి శతాబ్దం దాటినా పేరు మారలేదు. పేరు నిలిచినంత మాత్రాన అందులోని మాట నిజమని అనుకోకూడదని ఇది చెప్తుంది.

తర్వాతి ఘట్టం మద్రాసుది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగమే. కాలా ఆజార్ అనే ప్రాణాంతక జ్వరం ఉంది. ప్లీహం ఉబ్బి, ఒళ్ళు నల్లబడి మనిషి చిక్కి శల్యమవుతాడు. దాని క్రిమిని ఇద్దరు వేర్వేరుగా చూశారు. భారతదేశంలోని డమ్‌డమ్ నుంచి తిరిగివెళ్ళి చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో చూసిన దాన్ని విలియం లీష్‌మన్ 1903 మేలో లండన్‌లో ప్రకటించారు. మద్రాసు వైద్య కళాశాల ఆచార్యుడు చార్లెస్ డోనవాన్ అదే ఏడాది మద్రాసులో తన రోగులలో చూశారు. ఎవరు ముందు అన్న వాదం వచ్చింది. రొనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి ఆ క్రిమికి ‘లీష్మానియా డోనవానీ’ అని పేరు పెట్టి వాదం తీర్చారు. తెలుగు వ్యాకరణంలో చెప్పాలంటే అది ద్వంద్వ సమాసం లాంటి తీర్పు!

ఆ జబ్బుకు మందు చేసినవారు కలకత్తాలోని ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి. చిన్న గదిలో, చాలీచాలని వసతులతో పనిచేసి యూరియా స్టిబమైన్ అనే మందు తయారుచేశారు. వేలమంది ప్రాణాలు నిలిచాయి. కాలా ఆజార్ తగ్గిన తర్వాత చర్మం మీద వచ్చే మచ్చల జబ్బును 1922లో మొదట వివరించింది కూడా ఆయనే. అయినా క్రిమి పేరులో ఆయన లేరు. చూసినవారి పేరు నిలిచింది, నయం చేసినవారి పేరు పక్కన ఉండిపోయింది.

5. యల్లాప్రగడ సుబ్బారావు

డోనవాన్ పాఠాలు చెప్పిన ఆ మద్రాసు వైద్య కళాశాలలోనే కొన్నేళ్ళకు ఒక తెలుగు విద్యార్థి చేరారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళడం ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు. ఫలితంగా పూర్తి ఎంబీబీఎస్ పట్టా బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, తర్వాత మామగారి సాయంతో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్ళారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రచురించారు. ద్రావణం నీలం రంగులోకి తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. దాని పేరు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి. జీవరసాయన శాస్త్రం చదివే పిల్లలు ప్రపంచమంతటా ఈ పేరు నేర్చుకున్నారు. ఆ పద్ధతి వల్లనే కండరాలలో శక్తి నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ 1927లోనూ, కణాల శక్తికి మూలమైన ఏటీపీ 1929లోనూ వాళ్ళిద్దరి చేతికి చిక్కాయి. మీ జీవశాస్త్రం పుస్తకంలో ఏటీపీ గురించి ఉంటుంది. పక్కన ఈ భీమవరం పేరు రాసి ఉందేమో చూడండి!

1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలకు మారారు. ఆ తర్వాతి ఎనిమిదేళ్ళలో ఆయన నడిపిన బృందాలు చేసిన పనిని లెక్కపెట్టండి. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు అదే మందు. దానికి వ్యతిరేకంగా పనిచేసే అమినాప్టెరిన్‌ను తయారుచేసి ఇస్తే, బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి 1948లో తొలిసారి ఉపశమనం చూపించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. బోదకాలు జబ్బుకు డీఈసీ మందు వచ్చింది. బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో గుండె ఆగి ఆయన కన్నుమూశారు.

ఇన్ని చేసినా ఏ జబ్బుకూ సుబ్బారావు పేరు లేదు, ఏ మందుకూ లేదు. నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో ఒక మాట అన్నారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఇతరులు మళ్ళీ కొత్తగా కనిపెట్టాల్సి వచ్చిందనీ, ఫిస్క్ అసూయతో వాటిని వెలుగులోకి రానివ్వకపోవడమే అందుకు కారణంగా కనిపిస్తోందనీ ఆ మాటల సారం. 1953లో ఒక శిలీంధ్రానికి ‘సుబ్బారోమైసెస్’ అని పేరు పెట్టారు. 1995లో మన తపాలా శాఖ ఆయన శతజయంతికి స్టాంపు వేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి పిల్లలకు ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్ర ఉంది కదా, అందులో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో డీఈసీ ఉంటుంది. ‘సుబ్బారావు మాత్ర’ అని ఎవరూ అనరు. కానీ విగ్రహవాక్యం రాస్తే లోపించిన మాట అదే.

6. పేరు చేసే మేలు: హాన్సెన్ వ్యాధి

ఇంతవరకు పేరు దక్కడం, దక్కకపోవడం గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు వైద్యుడి వైపు నుంచి కాకుండా రోగి వైపు నుంచి చూద్దాం. రోగికి పేరంటే గౌరవం కాదు, మోయాల్సిన బరువు.

కుష్ఠు అనే మాట మన భాషలో జబ్బు పేరుగా ఆగలేదు, తిట్టుగా మారింది. ఆ మాట పలకడానికే భయపడి ‘పెద్దరోగం’ అన్నారు. ఇంట్లోంచి, ఊళ్ళోంచి, బావి దగ్గర నుంచి, గుడి దగ్గర నుంచి మనుషులను వెళ్ళగొట్టడానికి ఆ ఒక్క మాట చాలింది. నార్వే దేశంలో గెర్‌హార్డ్ ఆర్మావర్ హాన్సెన్ 1873లో ఈ జబ్బుకు కారణం ఒక సూక్ష్మజీవి అని గుర్తించారు. శాపం కాదు, పాపం కాదు, వంశం కాదు, ఒక క్రిమి. అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రిలో రోగిగా ఉండిపోయిన స్టాన్లీ స్టైన్, అక్కడి నుంచే ‘ది స్టార్’ అనే పత్రిక నడుపుతూ, పాత పేరు వదిలి ‘హాన్సెన్ వ్యాధి’ అనాలని ఏళ్ళ తరబడి పోరాడారు. బ్రెజిల్ దేశం 1995లో చట్టం చేసి మరీ ప్రభుత్వ కాగితాల్లో పాత పేరును తీసేసింది.

ఇక్కడ వైద్యుడి పేరు కీర్తి కోసం రాలేదు. రోగి తల మీది తిట్టును దించడానికి వచ్చింది.

కానీ హాన్సెన్ కథలో ఒక మచ్చ కూడా ఉంది. 1879లో ఆయన బెర్గెన్ ఆసుపత్రిలో కారి నీల్స్‌డాటర్ అనే రోగి కంటిలో, ఆమె అనుమతి లేకుండా, మరో రోగి నుంచి తీసిన పదార్థాన్ని సూదితో గుచ్చారు. క్రిమి అంటుకుంటుందో లేదో చూడాలని! ఆమె ఫిర్యాదు న్యాయస్థానానికి వెళ్ళింది. 1880లో తీర్పు వచ్చింది, ఆసుపత్రి వైద్యుడి ఉద్యోగం ఆయనకు పోయింది. రోగి అనుమతి లేనిదే వైద్యుడు ప్రయోగం చేయకూడదన్న ఈనాటి నియమం వెనుక అలాంటి స్త్రీల గొంతు ఉంది. జబ్బు పేరులో హాన్సెన్ ఉన్నారు. ఆమె కూడా ఉండాలి, మన విగ్రహవాక్యంలోనైనా.

ఇది మనకు దూరపు సంగతి కాదు. బిలాస్‌పూర్ నుంచి రాయగఢ్ వైపు రైలెక్కితే చాంపా వస్తుంది. అక్కడ సోఠీలో 1962లో సదాశివ్ కాత్రే కుష్ఠు బాధితుల కోసం ఒక ఆశ్రమం స్థాపించారు. ఆయన స్వయంగా ఆ వ్యాధి బాధితుడు. దామోదర్ గణేశ్ బాపట్ దశాబ్దాల పాటు అక్కడే సేవ చేశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వ్యాధి ఇంకా ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. అందుకే ఇది తెలుసుకోండి: ఒంటి మీద పాలిపోయిన మచ్చో, ఎర్రబారిన మచ్చో ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. మందు ఉచితం. జబ్బు రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే పూర్తిగా నయమవుతుంది.

చట్టాలు కూడా నెమ్మదిగా మారాయి. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో తొలగించారు. చట్టం మారడానికి శతాబ్దం పైన పట్టింది. ఆటస్థలంలో ఒకరినొకరు తిట్టుకునే మాటల్లోంచి ఆ మాటను తీసేయడానికి మనకు ఒక్క రోజు చాలు.

7. తీసేసిన పేర్లు, మార్చిన పేర్లు

పేరు పెట్టినట్టే తీసేయవచ్చు కూడా. రైటర్ సిండ్రోమ్ అనే కీళ్ళ జబ్బు ఉండేది. హన్స్ రైటర్ నాజీ ప్రభుత్వంలో పనిచేసి, ఖైదీల మీద జరిగిన ప్రయోగాలతో సంబంధం ఉన్నవాడని గుర్తుచేసి ఆ పేరు వాడకూడదన్నారు. ఇప్పుడు దాన్ని ‘రియాక్టివ్ ఆర్థ్రైటిస్’ అంటున్నారు. వెగెనర్ పేరుతో ఉన్న రక్తనాళాల జబ్బు పేరును కూడా ఇలాంటి కారణంతోనే 2011లో మార్చారు.

డౌన్ సిండ్రోమ్ మరో రకం. 1866లో లాంగ్డన్ డౌన్ ఆ పిల్లలను ఒక జాతి పేరుతో పోల్చి పిలిచారు. అది ఆ పిల్లలకూ అవమానమే, ఆ జాతికీ అవమానమే. 1961లో కొందరు శాస్త్రవేత్తలు ఆ మాట మానేయాలని లేఖ రాశారు. 1965లో మంగోలియా దేశం ప్రపంచ ఆరోగ్య సంస్థను అదే కోరింది. అలా ‘డౌన్’ పేరు స్థిరపడింది. 1970ల నుంచి ఇంగ్లీషులో చాలామంది ఆ పేరులోని షష్ఠీ గుర్తును కూడా వదిలేస్తున్నారు. కారణం? డౌన్‌కు ఆ స్థితి లేదు, అది ఆయన సొత్తూ కాదు. మనం మొదట ‘యొక్క’ గురించి వేసుకున్న ప్రశ్నే వాళ్ళూ వేసుకున్నారు!

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త అంటువ్యాధులకు మనిషి పేరు, ఊరి పేరు, జంతువు పేరు, వృత్తి పేరు పెట్టవద్దని సూచించింది. ఊరి పేరు పెడితే ఆ ఊరి మనుషులను చూసి జనం తప్పుకుంటారు. అయితే ఊరి పేరు మంచికి కూడా నిలుస్తుంది. నీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర్లు పోయిన నల్గొండ పేరుతో ప్రపంచానికి తెలిసింది ఒక జబ్బు కాదు, పరిష్కారం. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించిన, పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ‘నల్గొండ పద్ధతి’ అంటారు.

మన చుట్టూ ఉన్న మరో జబ్బుకు మాత్రం తెలుగు తీరులోనే ఆకారాన్ని బట్టి పేరు వచ్చింది. కొడవలి కణ రక్తహీనత, హిందీలో సికిల్ సెల్ అంటారు. 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ దీన్ని ప్రచురించారు. రక్తంలో వంకర కణాలను మొదట చూసింది ఆయన దగ్గర పనిచేసే యువ వైద్యుడు ఎర్నెస్ట్ ఐరన్స్. రోగి గ్రెనడా నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్. జబ్బు పేరులో ముగ్గురూ లేరు, కొడవలి మాత్రమే ఉంది. దీన్ని 2047 నాటికి నిర్మూలించాలన్న జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది. మొదలైన చోటు శహడోల్, మన బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలోని ఊరే. రక్తపరీక్ష చేస్తామని ఎవరైనా వస్తే భయపడకుండా చేయించుకోండి.

8. చివరగా

ఒక వ్యాధి పేరు వినగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని చూసినదెవరు? దీన్ని అనుభవించినదెవరు? ఈ పేరు పిలిస్తే ఎవరికైనా నొప్పి కలుగుతుందా? మొదటి ప్రశ్న శాస్త్రానిది, రెండోది చరిత్రది. మూడోది మన నాలుకది, దానికి జవాబు మనమే చెప్పాలి.

అభ్యాసం

అ) కింది మాటలకు లోపించిన పదాలతో సహా విగ్రహవాక్యాలు రాయండి: ఆల్జైమర్ వ్యాధి, కోప్లిక్ మచ్చలు, ఫిస్క్–సుబ్బారావు పద్ధతి, నల్గొండ పద్ధతి.

ఆ) ‘మలేరియా’ అనే పేరులోని అర్థం ఎందుకు తప్పు? ఆ విషయం ఎక్కడ, ఎప్పుడు తేలింది?

ఇ) ‘హాన్సెన్ వ్యాధి’ అనే పేరు కావాలని కోరింది వైద్యులు మాత్రమేనా? స్టాన్లీ స్టైన్ గురించి ఐదు వాక్యాలు రాయండి.

ఈ) అమ్మమ్మనో నాన్నమ్మనో అడిగి, ఇంట్లో వాడే పది జబ్బుల తెలుగు పేర్లు సేకరించండి. ఏది రూపాన్ని బట్టి వచ్చింది, ఏది దేవత పేరు బట్టి వచ్చింది, పక్కింటివారు హిందీలో, ఛత్తీస్‌గఢీలో ఏమంటారు, పట్టిక వేయండి.

ఉ) చర్చించండి: ‘సుబ్బారావు పేరు ఏ వ్యాధికీ లేకపోవడం ఆయనకు నష్టమా, మనకు నష్టమా?’

పదాల అర్థాలు

విగ్రహవాక్యం: సమాసం అర్థాన్ని విడదీసి చెప్పే వాక్యం
ప్లీహం: పొట్టలో ఎడమ పక్కన ఉండే అవయవం
సూక్ష్మదర్శిని: కంటికి కనబడని వాటిని పెద్దగా చూపే పరికరం
శిలీంధ్రం: బూజు, పుట్టగొడుగుల జాతికి చెందిన జీవి
స్పర్శ: తాకితే తెలియడం